పుటప్ విత్ అంటే ఏమిటమ్మా?

పొయ్యి మీద పోపు ఉన్నప్పుడు ఎవరికీ ఇంగ్లీషు మాటలకి అర్థాలు చెప్పకూడదని నాకు నలభై దాటాక తెలిసొచ్చింది.

ఆరోజు సాయంత్రం చారుకి పోపు వేస్తున్నాను. తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి నోటుబుక్కు పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మా, పుటప్ విత్ అంటే ఏమిటమ్మా?" అంది. ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఎండుమిరపకాయలు నల్లబడడానికి సిద్ధంగా ఉన్నాయి. కరివేపాకు చూస్తే ఇంకా రెబ్బ నుంచి దూయనేలేదు. 

"సర్దుకుపోవడం" అన్నాను వెనక్కి తిరక్కుండానే.

"అంటే?"

"అంటే ఏముందే, బస్సులో ఇంకొకళ్ళు వస్తే సర్దుకుంటాం చూడు, అలాగే."

"ఓహో, అదా!" అని వెళ్ళిపోయింది. పోపు మాడలేదు. చారు బ్రహ్మాండంగా కుదిరింది. ఆ సంగతి నేను అంతటితో మర్చిపోయాను.

నాలుగు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున్న, నోటుబుక్కు మీద తల్లిదండ్రుల సంతకం కావాలని తెచ్చింది. 'పుట్' అనే క్రియతో వచ్చే ఐదు మాటలకి సొంతవాక్యాలు రాయాలట. పుటాఫ్ అంటే వాయిదా వెయ్యడం కదా, వాన వల్ల ఆటలపోటీలు వాయిదా వేశారని రాసింది. పుటౌట్ అంటే ఆర్పడం, వాచ్‌మన్ మంట ఆర్పాడని రాసింది. పుటవేకి, చదవడం అయ్యాక పుస్తకాలు తీసి సర్దేస్తానని రాసింది. అది శుద్ధ అబద్ధమైనా వ్యాకరణం ఒప్పే. పుటాన్ అంటే పెట్టుకోవడం, తొడుక్కోవడం. "మా అమ్మమ్మ కళ్ళజోడు వెతకడానికి కళ్ళజోడు పెట్టుకుంటుంది" అని రాసింది. నాకు నవ్వాగలేదు. ఆ నవ్వుతోనే ఐదో వాక్యం చదివాను.

"మై మదర్ పుట్సప్ విత్ ఎవ్రీథింగ్."

పక్కన ఎర్రసిరాతో టిక్కు. ఆ టిక్కు కింద "గుడ్" అని టీచరు ప్రశంస.

మావారు నా భుజం మీంచి తొంగిచూసి, "వాక్యం కరెక్టేగా, సంతకం పెట్టెయ్" అన్నారు. ఒక్క క్షణమాగి, "అవునే అమ్మడూ, ఎవ్రీథింగ్ అంటే నేను కూడానా?" అన్నారు నవ్వుతూ.

"ఎవ్రీథింగ్ అంటే అన్నీ కద నాన్నా" అంది అది అమాయకంగా.

ఎవరం ఏమీ మాట్లాడలేదు. నేను సంతకం పెట్టేశాను. పెట్టానే గానీ రోజంతా ఆ 'గుడ్' నా కళ్ళముందు ఆడుతూనే ఉంది. ఏది గుడ్డు? వాక్యమా? నేనా?

చెప్పొద్దూ, నాకూ ఈ పుట్‌కీ పాతపగ ఒకటుంది.

నేను తెనాలిలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. కాలేజీలో చేరాక మా లెక్చరరు గారు రెన్ అండ్ మార్టిన్ గ్రామరు కొనమన్నారు. మీలో చాలామంది ఇళ్ళలో ఆ పుస్తకం ఇప్పటికీ అటక మీద ఉండే ఉంటుంది. ఇద్దరిలో ఆ రెన్ దొర 'బో జెస్ట్' అని 1924లో ఒక సాహసాల నవల కూడా రాశాడనీ, అది లోకమంతా చదివిందనీ చాలాకాలానికి తెలిసింది. ముందే తెలిసుంటే ఆయన మీద నాకు కాస్త దయ ఉండేది. నవలలు రాసేవాళ్ళ కష్టాలు నాకు తెలుసు కదా! అప్పట్లో మాత్రం ఒక్క పుట్ పక్కన అప్, డౌన్, ఆన్, ఆఫ్ చేర్చగానే అర్థం అటునుంచి ఇటు దూకేస్తుంటే, ఇది భాషా, కోతులబోనా అనిపించేది.

2001లో నా పెళ్ళయింది. మావారి ఉద్యోగం హైదరాబాదులో. ఇల్లు దొరికేదాకా అత్తయ్యగారి దగ్గరే ఉన్నాం. ఒకసారి మావారి ఆఫీసువాళ్ళ విందుకి అత్తయ్యగారితో సహా వెళ్ళాం. అక్కడ ఒక ఆఫీసరుగారి భార్య నన్ను ఆప్యాయంగా దగ్గర కూర్చోబెట్టుకుని, "వేర్ ఆర్ యూ పుటప్?" అంది. మన దేశంలో ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు 'ఎక్కడ ఉంటున్నారు' అనడానికి అలా అంటారని అదృష్టవశాత్తు నాకు తెలుసు. తెలిసిన ప్రశ్న వచ్చిన సంబరంలో కాస్త పొడుగు జవాబే ఇచ్చాను.

"వుయ్ పుటప్ విత్ మై మదరిన్లా" అన్నాను.

అత్తగారింట్లో ఉంటున్నాం అన్నాననే నా ఉద్దేశం. ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, పక్కనే తాంబూలం నములుతున్న మా అత్తయ్యగారి మొహంలోకి చూసి, కళ్ళమ్మట నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వి, నా చెయ్యి నొక్కి, "డోంట్ వర్రీ, వుయ్ ఆల్ డూ" అంది. అంటే, మనమంతా ఆ పనే చేస్తున్నాం, బెంగపడకు అని!

పుటప్‌కి విత్ తగిలించేసరికి 'ఉండడం' కాస్తా 'భరించడం' అయి కూర్చుంది. "మేం మా అత్తగారిని ఎలాగో భరిస్తున్నాం" అని నిండు సభలో ఆవిడ పక్కన కూర్చునే చెప్పానన్నమాట. మా అత్తయ్యగారికి ఇంగ్లీషు రాదు. ఇంటికొచ్చాక నెలరోజులపాటు, "మా కోడలు ఇంగ్లీషులో మాట్లాడితే ఆఫీసరుగారి భార్య కూడా ఎంత నవ్విందో!" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయారు. ఆవిడ పోయి ఐదేళ్ళయింది. ఇప్పటికీ ఆ మాట తలుచుకుంటే నవ్వూ వస్తుంది, గొంతులో ఏదో అడ్డుపడినట్టూ ఉంటుంది.

ఇన్ని చేసిన మాటని ఊరికే వదిలిపెట్టడం నాకు నచ్చలేదు. ఆదివారం మధ్యాహ్నం అందరూ నిద్రపోయాక నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

ఇలాంటి జంట మాటల్ని ఫ్రేజల్ వెర్బులంటారు. ఆ పేరు ప్రచారంలోకి వచ్చింది 1925లో, లోగన్ పియర్సల్ స్మిత్ అనే ఆయన పుస్తకంతో. పేరు అప్పటిదైనా పేచీ పాతదే. డాక్టర్ జాన్సన్ 1755లో తన మహానిఘంటువు అచ్చువేసినప్పుడు ముందుమాటలో, క్రియ పక్కన చిన్నముక్క చేర్చి అర్థం మార్చే ఈ అలవాటే పరదేశీయులకి అన్నింటికంటే కష్టమైనదని ఒప్పుకున్నాడు. ఇన్నాళ్ళకి నా కాలేజీ మార్కులకి ఒక పెద్దమనిషి సంజాయిషీ ఇచ్చినట్టయింది.

అయితే ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఈ విద్యలో మనం తక్కువ తిన్నవాళ్ళమేం కాదు. పుట్ అంటే పెట్టు. మన 'పెట్టు' సంగతి ఎప్పుడైనా ఆలోచించారా? అన్నం పెడతాం, చీవాట్లు పెడతాం, ముద్దు పెడతాం, వంకలు పెడతాం, మొదలుపెడతాం, విడిచిపెడతాం. పక్కింటావిడకి సాయంగా పచ్చడి చేసిపెడతాం. మొగుడికి తెలియకుండా వంద రూపాయలు దాచిపెడతాం. చుట్టాలు చెప్పాపెట్టకుండా వస్తే నవ్వుమొహం పెడతాం. ఇక 'కనిపెట్టు' మరీ విచిత్రం. అందులో కనడానికీ పెట్టడానికీ ఏ సంబంధముందో ఎవరైనా చెప్పగలరా? దొంగని కనిపెట్టామంటే ఒక అర్థం, ముసలాయన్ని కనిపెట్టుకుని ఉన్నామంటే ఇంకో అర్థం. 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు అచ్చువేయించిన బ్రౌన్ దొర ఈ పెట్టు దగ్గరికొచ్చేసరికి జాన్సన్ ముందుమాట తలుచుకుని నిట్టూర్చే ఉంటాడని నా ఊహ. మన ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఏ గ్రామరూ చదవకుండానే ఈ పెట్టులన్నీ రోజూ వాడి పారేస్తున్నారు. అలాంటివాళ్ళు పుట్‌ని చూసి బెదరడమేమిటి?

బెదురు పోయింది కనక తీరిగ్గా పుటప్ విత్‌ని పట్టుకున్నాను. పట్టుకున్నాక తెలిసింది, మా అమ్మాయికి నేను చెప్పిన అర్థం తప్పు.

సర్దుకోవడమంటే ఏమిటి? తెనాలి నుంచి గుంటూరు పోయే బస్సులో ముగ్గురి సీటుంటుంది. నాలుగో మనిషి చంకలో బిడ్డతో ఎక్కుతుంది. "కాస్త సర్దుకోండమ్మా" అంటుంది. కిటికీ పక్కావిడ ఇంత జరుగుతుంది, మధ్యావిడ ఇంత జరుగుతుంది, చివరావిడ బుట్ట తీసి ఒళ్ళో పెట్టుకుంటుంది. నాలుగో మనిషికి చోటు వస్తుంది. ఊరు చేరేలోపు నలుగురూ ఒకరి పిల్లల సంగతులొకరు అడిగి తెలుసుకుంటారు కూడా. అందరూ తలా కాస్త జరిగితే అది సర్దుకోవడం. అది మంచిమాటే, నేనేం కాదనను.

కానీ కిటికీ పక్కావిడ కదలకుండా, మధ్యావిడ కదలకుండా, చివర కూర్చున్న ఒక్కతే జరిగి జరిగి, సగం సీటు మీదా సగం గాలిలోనూ, కమ్మీ పట్టుకుని గుంటూరు దాకా వేలాడిందనుకోండి. అదీ పుటప్ విత్. దాన్ని కూడా మనం సర్దుకుపోవడమనే అంటాం. అక్కడే వచ్చింది చిక్కంతా.

ఇంగ్లీషువాడు ఈ మాటలోనే రెండు షరతులు పెట్టాడు. ఒకటి, ఇష్టమైన వాటికి ఇది పనికిరాదు. మీ ఇంటికొచ్చి మీ పులిహోరని పుటప్ విత్ చేశానంటే, ఉప్పు ఎక్కువైనా మర్యాదకి మింగానని అర్థం. ఈ మాట వాడడమంటే నాకిది నచ్చలేదని ముందుగా ఒప్పుకోవడమే. మన సర్దుకుపోవడంలో ఆ ఒప్పుకోలు లేదు. సర్దుకుపోయే మనిషి ఎంత నవ్వుతూ ఉంటే అంత గొప్ప.

రెండోది ఇంకా ముఖ్యం. ఆ విత్ తర్వాత ఏదో ఒకటి చెప్పి తీరాలి. ఎవరిని? దేన్ని? విత్ దగ్గర వాక్యం ఆపేస్తే టీచరు ఎర్రసిరాతో కొట్టేస్తుంది. పుటాఫ్‌కి ఉన్న వెసులుబాటు కూడా దీనికి లేదు. మీటింగుని పుట్‌కీ ఆఫ్‌కీ మధ్యలో ఇరికించి 'పుట్ ది మీటింగాఫ్' అన్నా చెల్లుతుంది. దీంట్లో మాత్రం మూడు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకునే ఉండాలి, భరించే వస్తువు చివర కనిపిస్తూ ఉండాలి. మరి మన సర్దుకుపోవడానికి అలాంటి నిర్బంధమేం లేదు. "సర్దుకుపోవాలమ్మా" అంటే వాక్యం పూర్తయిపోయింది. దేంతో అని ఎవరూ అడగరు. అప్పగింతలనాడు పెద్దవాళ్ళంతా వరసగా వచ్చి ఆ ఒక్కమాటే చెప్పి వెళతారు. పెళ్ళికూతురు తల ఊపుతుంది. దేనికి ఊపిందో దానికే తెలియదు.

ఇక్కడిదాకా వచ్చాక నాకు ఒక ఉత్తరం గుర్తొచ్చి గుండె కలుక్కుమంది.

2012లో నా నవల ఒకటి సీరియల్‌గా వచ్చింది. అందులో నాయిక అలిగి పుట్టింటికి వచ్చి, చివరికి సర్దుకుపోవడంలోనే సుఖముందని తెలుసుకుని అత్తవారింటికి వెళ్ళిపోతుంది. పాఠకులకి నచ్చింది. ఒక పాఠకురాలు ఇన్‌లాండు కవరు మీద రాసింది: తను పుట్టింటికి వచ్చేసి ఎనిమిది నెలలైందనీ, నా నవల చదివాక మనసు మార్చుకుని భర్త దగ్గరికి తిరిగి వెళుతున్నాననీ. ఆ ఉత్తరాన్ని ఎంత గర్వంగా దాచుకున్నానో! ఇంటికొచ్చిన వాళ్ళకి తీసి చూపించేదాన్ని. "ఒక కాపురం నిలబెట్టారు" అని వాళ్ళు మెచ్చుకుంటే లోపల పొంగిపోయేదాన్ని. రెండు వాక్యాల జవాబు కూడా రాశాను, మీ నిర్ణయం నాకెంతో ఆనందమిచ్చిందని.

ఆ ఆదివారం మళ్ళీ ఆ ఉత్తరం తీసి చదివాను. ఎందుకు వచ్చేసిందో ఆవిడ రాయలేదు. నేనూ అడగలేదు. అతను కాస్త కోపిష్టా? పిసినారా? లేక చెయ్యి చేసుకునే మనిషా? అడగకుండానే ఆనందపడ్డాను. ఆవిడ వాక్యంలో విత్ తర్వాత ఏముందో నాకు తెలియదు. తెలియకుండానే టిక్కు కొట్టి గుడ్ అని రాసిచ్చాను. మా అమ్మాయి టీచరుని అనడానికి నాకేం హక్కుంది?

సాయంత్రం అమ్మ వరండాలో కూర్చుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. నాన్నగారు పోయినప్పట్నించీ అమ్మ విజయవాడలో మా దగ్గరే ఉంటోంది. నేనూ పక్కన చేరి నాలుగు కాయలు తీస్తూ ఈ గొడవంతా చెప్పాను. అమ్మ ఐదో తరగతి దాకా చదువుకుంది. ఇంగ్లీషు ముక్క రాదు. అంతా విని, "అయితే అది సర్దుకోవడం కాదే, ఓర్చుకోవడం" అంది.

"నువ్వే కదమ్మా, ఓర్చినమ్మకు తేటనీరు అనేదానివి చిన్నప్పుడు?" అన్నాను కాస్త నిష్ఠూరంగా.

"అన్నాను. ఇప్పుడూ అంటాను. బురదనీళ్ళు కాసేపు కదపకుండా ఉంచితే తేరుకుంటాయి. అందుకు ఓపిక పట్టాలి. అంతేగానీ పక్కనుంచి ఒకడు కర్రపెట్టి కలుపుతూనే ఉంటే, ఎన్నేళ్ళు కూర్చుంటే మాత్రం తేట ఎక్కణ్ణుంచి వస్తుంది? ముందు ఆ కర్ర లాక్కోవాలి."

నేను చేతిలో కాయ వదిలేసి అమ్మ వైపు చూశాను. ఇరవై నవలలు రాసిన నాకు ఆ సామెతలో కర్ర ఎప్పుడూ కనపడలేదు.

"నువ్వు దేనికి ఓర్చుకున్నావమ్మా?" అన్నాను.

అమ్మ వెంటనే చెప్పలేదు. రెండు కాయలు ఒలిచింది. అత్తగారి ఆరళ్ళో, ఆడబిడ్డల కట్నాలకి పోయిన నగలో చెబుతుందనుకున్నాను. అవన్నీ నాకు తెలిసినవే.

"మీ నాన్న నన్నెప్పుడూ పేరుపెట్టి పిలవలేదే" అంది. "యాభై ఏళ్ళు కాపురం చేశాం. 'ఇదిగో', 'ఏయ్', 'ఎక్కడున్నావ్', అంతే. మీరు పుట్టాక 'మీ అమ్మ'. మనిషి మంచివాడే, ఒక్క మాట పడనివ్వలేదు. అయినా ఎప్పుడన్నా పిలుస్తారేమోనని చూసేదాన్ని. ఆస్పత్రిలో ఆఖర్న కూడా 'ఇదిగో' అనే అన్నారు."

"అయ్యో అమ్మా, ఒక్కసారి చెబితే పిలిచేవారు కదా?"

"పిలిచేవారేమో. ఓర్చుకోమని చెప్పినవాళ్ళేగానీ, దేనికి ఓర్చుకుంటున్నావని అడిగినవాళ్ళు లేరు. అడిగితేగా చెప్పడానికి?" అని చేట తీసుకుని లేచి, "ఊరుకో, నువ్వు కళ్ళనీళ్ళు పెట్టుకోకు" అంటూ లోపలికి వెళ్ళిపోయింది.

ఊరుకో!

నిఘంటువుల్లో పొద్దుట్నించీ వెతుకుతున్న మాట అమ్మ నోట అలా వచ్చి పడింది. పుటప్ విత్‌కి మన ఇళ్ళల్లో ఉన్న అసలు మాట ఊరుకోవడమేనండీ. "ఇన్నాళ్ళూ ఊరుకున్నాను" అంటే నచ్చకపోయినా భరించానని అర్థం. ఇంకో పోలిక కూడా ఉంది. ఇంగ్లీషువాళ్ళు ఆ మాటని కాదనడానికి కూడా తరచూ వాడతారు. 'ఐ వోంట్ పుటప్ విత్ ఇట్ ఎనీమోర్' అంటే, ఇక ఊరుకోను అని. మనం 'సర్దుకుపోను' అంటే పొగరుబోతనుకుంటారు. 'సహించను' అంటే మంత్రిగారి ప్రకటనలా ఉంటుంది. 'ఊరుకోను' అంటే మాత్రం అది మన ఇంటి మాట. అమ్మ పిల్లాడితో అంటుంది, అక్క తమ్ముడితో అంటుంది. ఎవరూ విరిగిపడరు, కానీ విన్నవాళ్ళు ఒకసారి తలెత్తి చూస్తారు.

ఆ రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని, నడిమికి గీత గీసి, మా అమ్మాయి రాసిన ఎవ్రీథింగ్‌ని విప్పి రాయడం మొదలుపెట్టాను. ఎవ్రీథింగ్ అంటే విత్ తర్వాత ఖాళీ వదిలినట్టే గదా! మావారి గురక, తడితువ్వాలు మంచం మీద పారెయ్యడం, ఊరగాయ జాడీ మూత సరిగా పెట్టకపోవడం, అబ్బాయి హాస్టలు నుంచి తెచ్చే మాసిన బట్టలమూట... పదిహేడు వచ్చాయి. తీరా చదువుకుంటే అందులో పదిహేను నాకు నిజంగా బాధపెట్టేవి కావు. గురక లేకపోతే నాకే నిద్ర పట్టదు. అవి సర్దుకోవడం పద్దులోకి వెళ్ళాయి. రెండు మిగిలాయి.

నేను తెల్లవారుజామున ఐదింటికి లేచి భోజనాలబల్ల మీద రాసుకుంటాను. ఆరింటికి మావారు లేచి అదే గదిలో టీవీలో వార్తలు పెడతారు, వీధి చివరిదాకా వినపడేట్టు. అది మొదటిది. టిఫిన్ల వేళకి కాగితాలన్నీ ఎత్తి ఫ్రిజ్ మీద పెట్టడం, మళ్ళీ దింపడం, భోజనాలకి మళ్ళీ ఎత్తడం రెండోది. పద్ధెనిమిదేళ్ళుగా నా నాయికలందరూ ఆ ఫ్రిజ్ మీదే కాపురాలు చేశారు. ఒకసారి ఒక ప్రకరణం మొత్తం పెరుగు గిన్నె కింద దొరికింది.

మర్నాడు కాఫీ దగ్గర మావారికి చెప్పాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక, పిల్లదాని నోటుబుక్కు ధైర్యంతో, "ఐ కెనాట్ పుటప్ విత్ టూ థింగ్స్" అన్నాను.

ఆయన కంగారుపడి కప్పు కింద పెట్టి, "ఏమిటోయ్, తెలుగులో చెప్పు" అన్నారు.

"రెండింటికి ఇక ఊరుకోను" అని ఆ రెండూ చెప్పాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. "పద్ధెనిమిదేళ్ళ నుంచీ ఒక్కసారి కూడా అనలేదేం? నీకు హాల్లో వెలుతురు బావుంటుందని అక్కడ రాస్తున్నావనుకున్నాను" అన్నారు. మొహంలో నిజమైన నొచ్చుకోలు కనపడింది. నాన్నగారి 'ఇదిగో' గుర్తొచ్చింది నాకు. అడిగుంటే ఆయనా అమ్మని పిలిచేవారేనేమో.

అలాగని వెంటనే అన్నీ చక్కబడిపోయాయని రాస్తే అది నా పాత నవల అవుతుంది. అబ్బాయి చదువుకున్న బల్ల వెనకగదిలో నాకోసం వేశారు. ఆ గదిలో బియ్యం డబ్బాలూ, పాత పరుపులూ ఇంకా ఉన్నాయి. టీవీ చప్పుడు మూడు రోజులు తగ్గి, నాలుగోరోజు పెరిగితే మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఈసారి చెప్పడం అంత కష్టం కాలేదు. పైగా మావారు తన జాబితా కూడా చదివి వినిపించారు. నేను రాసుకుంటూ పాలు పొంగబెట్టడం, పిలిస్తే మూడోసారికి గానీ పలకకపోవడం, ఏ నవలలోనైనా తాగుబోతు పాత్ర ఉంటే వాడికి ఆయన చొక్కా రంగే తొడగడం. న్యాయంగా చెప్పాలంటే అవీ నిజాలే. ఇప్పుడు సీటులో ఇద్దరం కాస్త కాస్త జరుగుతున్నాం.

ఆ పాఠకురాలికి ఇన్నేళ్ళ తర్వాత మళ్ళీ ఉత్తరం రాశాను. క్షమాపణలూ, ఉపన్యాసాలూ రాయలేదు. "మీరు ఆరోజు దేనికి సర్దుకుపోవడానికి వెళ్ళారో నేను అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. వీలైతే రాయండి" అని మాత్రం రాసి, ఫోన్ నంబరు వేశాను. పాత చిరునామాలో ఉందో లేదో తెలియదు. జవాబు ఇంకా రాలేదు. పోస్టుమాన్ వచ్చినప్పుడల్లా గుమ్మం దాకా వెళుతున్నాను.

నిన్న మా అమ్మాయి మళ్ళీ నోటుబుక్కు పట్టుకుని వంటింటి గుమ్మంలోకొచ్చింది. ఈ వారం పాఠం 'గివ్' అట. "అమ్మా, గివప్ అన్నా గివిన్ అన్నా ఒకటేనా?" అంది.

పొయ్యి మీద నూనె కాగుతోంది. ఆవాలు చేతిలో ఉన్నాయి. స్టవ్ కట్టేసి, చేతులు తుడుచుకుని, "ఇలా కూర్చో, చెబుతాను" అన్నాను.

ఆరోజు చారు ఆలస్యమైంది. అందరూ ఓపిగ్గా కూర్చున్నారు. ఊరుకున్నారో, సర్దుకున్నారో మాత్రం నేను అడగలేదు.